జులైలో అమ్మానాన్నలతో డెత్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్: కారులో వెళ్లినవారు చెప్పగలరా?

నంద్యాల_ఫ్రీమాంట్:
అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు ఈ వేసవికి మా దగ్గరే ఉన్నారు. నాకు సెలవు దొరికేది జులై రెండో వారంలోనే. ఫ్రీమాంట్ నుంచి బేకర్స్‌ఫీల్డ్, డెత్ వ్యాలీ, లాస్ వేగస్, గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచు, ఆంటెలోప్ కాన్యన్ కోసం పేజ్ ఊరు, యూటాలోని జయాన్ పార్కు చూసి రావాలని ఆలోచన. అద్దె వ్యాను, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం. నాన్నగారికి 68 ఏళ్లు, మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. డెత్ వ్యాలీ వద్దని మా ఆవిడ అంటోంది. నాన్నగారేమో "రోళ్లు పగిలే రోహిణి కార్తెలో దుక్కి దున్నినవాణ్ణి, నాకు ఎండ గురించి చెబుతావా" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

రేగడినేల:
ఆవిడ మాట వినండి. మా మామగారిది రెంటచింతల, ఆయనా ఇలాగే అన్నారు. 46, 47 డిగ్రీలు ఆయనకు కొత్త కాదు, నిజమే. కానీ జులైలో డెత్ వ్యాలీ లోపలి ఫర్నెస్ క్రీక్‌లో పగటి ఉష్ణోగ్రత సగటే 47 డిగ్రీలు. రాత్రి కూడా 30కి దిగడం కష్టం. 1913 జులై 10న అక్కడే 56.7 డిగ్రీలు నమోదైంది, ఇప్పటికీ ప్రపంచ రికార్డు అదే. దానికంటే పెద్ద చిక్కు పొడిగాలి. మన దగ్గర చొక్కా తడిసి ముద్దయితే నీడకు పోదామని మనకే తోస్తుంది. అక్కడ చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగానే ఉందని పెద్దవాళ్లు నీళ్లు తాగరు. "మూత్రానికి మాటిమాటికీ కారు ఆపమనాలి" అన్న మొహమాటం ఒకటి. మా మామగారు ఆ మొహమాటంతోనే కళ్లు తిరిగి కూర్చుండిపోయారు.

ఎడారి_బాటసారి:
అంత భయపెట్టకండి. వేసవిలోనూ వేలమంది చూసి వస్తున్నారు. రోడ్డు చక్కగా ఉంటుంది, ఏసీ బాగుంటే కారులోంచి చూడవచ్చు. కాకపోతే బేకర్స్‌ఫీల్డ్ వైపు నుంచి నడిమధ్యాహ్నం దిగడం మాత్రం తెలివైన పని కాదు. పొద్దున పది దాటాక నడవొద్దని పార్కు వాళ్లే చెబుతారు.

అరిజోనా_అక్క:
ఫీనిక్స్‌లో ఉంటాను కాబట్టి ఒక మాట. ఎడారిలో ప్రయాణం వేసుకునేటప్పుడు మైళ్ల కంటే ముందు ఎత్తు చూడండి. డెత్ వ్యాలీ అడుగున ఉన్న బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉంది. లాస్ వేగస్ 600 మీటర్ల ఎత్తులో, పేజ్ 1,300 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. దక్షిణ అంచు, ఫ్లాగ్‌స్టాఫ్ రెండూ 2,100 మీటర్ల దగ్గర. అందుకే జులైలో వేగస్ కాలిపోతున్నప్పుడు గ్రాండ్ కాన్యన్ అంచున సాయంత్రం చలికోటు అడుగుతారు. అంచున చల్లగా ఉంది కదా అని లోయలోకి దిగితే కిందకు పోయే కొద్దీ వేడి, అడుగున 40 దాటుతుంది. దిగడం తేలిక, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పెద్దవాళ్లకు అంచు మీద ఉచిత బస్సులు చాలు.

డెత్ వ్యాలీ చూడాల్సిందే అనుకుంటే ముందు ఐ-15 హైవే మీద వేగస్ చేరండి. ఒక రాత్రి వేగస్‌కూ డెత్ వ్యాలీకీ మధ్య ఉన్న పరంప్ ఊళ్లో పడుకుని, చీకటి ఉండగానే బయలుదేరి నేరుగా డాంటేస్ వ్యూకు వెళ్లండి. అది 1,669 మీటర్ల ఎత్తు. కింద లోయకంటే ఎనిమిది నుంచి పద్నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటుంది. కారు దిగి నాలుగు అడుగులు వేస్తే ఆ తెల్లని ఉప్పుమైదానమంతా కాళ్ల కిందే కనిపిస్తుంది. నాన్నగారి మాటా నెగ్గుతుంది, మీ ఆవిడ మాటా నెగ్గుతుంది.

పాత_సియన్నా:
ఎక్కడికి వెళ్లాలో అందరూ చెబుతున్నారు, బండి గురించి ఎవరూ అడగడం లేదు! అద్దె వ్యాను తీసుకునేటప్పుడు స్టెప్నీ ఉందో లేదో చూడండి, చాలా కొత్త బండ్లలో ఉండటం లేదు. టైరు పక్కన అచ్చువేసిన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం. ముసలి టైరుతో ఎడారి దిగవద్దు, వేరే బండి ఇమ్మని గట్టిగా అడగండి. గాలి పొద్దున్నే, బండి కదలకముందు కొలవాలి. మధ్యాహ్నం కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేశారో, తక్కువ గాలితో పరుగెత్తిన టైరు మరింత వేడెక్కి పగులుతుంది.

కొన్ని ఎక్కుడు దారుల్లో ఏసీ ఆపమని బోర్డులు కనిపిస్తాయి. ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పెట్టండి. పిల్లలు గోల చేస్తారు, చేయనివ్వండి. ఇంజిన్‌లోని వేడిని హీటర్ బయటికి లాగుతుంది. కాలుతున్న రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకూడదు. పెట్రోలు పరంప్‌లోనే నింపుకోండి, లోయలో ధర చూస్తే గుండె ఆగుతుంది.

నంద్యాల_ఫ్రీమాంట్:
డాంటేస్ వ్యూ గురించి తెలియదు అక్కా, ధన్యవాదాలు. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుంటే దారి తెలుస్తుంది కదా?

ఎడారి_బాటసారి:
పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే దించుకోండి. అది "దగ్గరి దారి" అని మట్టిబాట చూపిస్తే మాత్రం పోవద్దు. 1996 జులైలో జర్మనీ నుంచి వచ్చిన నలుగురు, ఇద్దరు పిల్లలతో సహా, అద్దె వ్యానులో ఒక మారుమూల బాటలోకి వెళ్లారు. టైర్లు పోయిన వ్యాను అక్టోబరులో దొరికింది. పెద్దవాళ్ల అవశేషాలు దొరికింది 2009లో. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండాలి, నడిచి వెళ్లకూడదు. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో ఉపగ్రహం ద్వారా సాయం అడిగే వీలుంది. ఎలా వాడాలో ఇంట్లోనే చూసుకోండి.

రేగడినేల:
చెప్పుల సంగతి కూడా. 2024 జులైలో బెల్జియం నుంచి వచ్చిన ఒకాయన అక్కడి ఇసుకదిబ్బల మీద చెప్పులు పోగొట్టుకున్నారు. పాదాలు తీవ్రంగా కాలిపోయాయి. వేడికి గాలి పలచబడటంతో హెలికాప్టర్ దిగలేకపోయింది. అంబులెన్స్‌లో ఎత్తైన చోటికి తీసుకెళ్లి అక్కడి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. మన పెద్దవాళ్లు హవాయి చెప్పులతోనే అన్నిచోట్లా తిరుగుతారు కదా, ముందే బూట్లు కొనిపెట్టండి.

మాత్రలడబ్బా:
నేను ఫార్మసిస్టును. నాన్నగారి రక్తపోటు మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయించేది ఉందేమో చూడండి. ఉంటే ఎండలో ఒంట్లో నీరు, ఉప్పు త్వరగా పడిపోతాయి. బయలుదేరేముందు డాక్టర్‌ను అడగండి, మీ అంతట మీరు ఆపవద్దు. ఇన్సులిన్ వాడుతుంటే కారులో వదలకూడదు, అలాగని ఐసుకు ఆనించీ పెట్టకూడదు, గడ్డకడితే పనికిరాదు. ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఉంటుంది, మధుమేహానికి ఎంత తాగవచ్చో అదీ అడిగి తెలుసుకోండి. పలచని మజ్జిగ మంచిదే, ఉప్పు ఎంత వేయాలో రక్తపోటు చూసే డాక్టరే చెప్పాలి. మాటలు తడబడినా, తిక్కతిక్కగా మాట్లాడినా అలసట అనుకోకండి. అది వడదెబ్బ కావచ్చు, చల్లబరుస్తూనే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి.

అరిజోనా_అక్క:
మరో రెండు సంగతులు మరిచిపోయాను. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా మాకు వానలు. ఆ రోజుల్లో దుమ్ము తుఫాను గోడలా వస్తుంది. వస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీద కాలు తీసేయండి. లైట్లు వెలుగుతుంటే రోడ్డు అటే ఉందనుకుని వెనకబండి వచ్చి గుద్దుతుంది. పేజ్ దగ్గరి ఆంటెలోప్ కాన్యన్ ఇరుకైన రాతిలోయ, వానభయం ఉంటే పర్యటన రద్దు చేస్తారు, వాదించకండి. 1997 ఆగస్టు 12న ఎక్కడో దూరంగా కురిసిన వానకు అక్కడ 11 మంది కొట్టుకుపోయారు. అందులో ఎగువ, దిగువ అని రెండున్నాయి, దిగువ దాంట్లో నిచ్చెనలు ఉంటాయి కాబట్టి అమ్మగారికి ఎగువదే తీసుకోండి.

రెండోది గడియారం. అరిజోనాలో వేసవిలో గంట ముందుకు జరపరు, పేజ్ చుట్టూ ఉన్న నావహో ఆదివాసుల నేలలో జరుపుతారు, యూటాలోనూ జరుపుతారు. పేజ్‌లో మాది అరిజోనా సమయమే. ఫోను ఒక్కోసారి పక్క టవరు పట్టుకుని గంట ఎక్కువ చూపిస్తుంది. చేతి గడియారం పెట్టుకోండి.

పాత_సియన్నా:
పార్కు రుసుము సంగతి కూడా చూసుకోండి. 2026 జనవరి నుంచి అమెరికా నివాసులు కానివారికి గ్రాండ్ కాన్యన్, జయాన్ సహా 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. డెత్ వ్యాలీ ఆ జాబితాలో లేదు. అమ్మానాన్నలకు ఎంత పడుతుందో పార్కు వెబ్‌సైటులో చూశాకే బయలుదేరండి.

మోటెల్_పులిహోర:
తిండి గురించి ఎవరూ చెప్పలేదు, ఇది నా వంతు. మొదటిరోజుకు పులిహోర. పెరుగన్నం ఐసుపెట్టెలో లేకపోతే మధ్యాహ్నానికే పులుస్తుంది. ఐ-40 మీద లారీ డ్రైవర్ల కోసం పెట్టిన పంజాబీ ధాబాలు అక్కడక్కడా ఉన్నాయి, దాల్, రొట్టె బాగుంటాయి. అవి లేనిచోట బుల్లి రైస్ కుక్కర్, కందిపొడి, నెయ్యి, ఆవకాయ. మూడోరోజు బర్గర్ చూసి మా అత్తగారు మొహం తిప్పుకుంటే ఇవే ఆదుకున్నాయి.

నంద్యాల_ఫ్రీమాంట్:
వేగస్, పరంప్, డాంటేస్ వ్యూ ఖాయం చేశాను. బ్యాడ్‌వాటర్ దగ్గర ఏడింటికల్లా ఒక ఫొటో, అంతే. నాన్నగారు ఒప్పుకున్నారు, బూట్లకు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. పులిహోర గారూ, గదిలో కుక్కర్ పెడితే పొగ అలారం మోగదా?

మోటెల్_పులిహోర:
అన్నానికి మోగదు. తాలింపు పెట్టారో, మోగుతుంది.