అమెరికాలో ఇమిగ్రేషన్ వాళ్లు తమ్ముణ్ణి డిటెన్షన్‌లో పెట్టి సంతకం అడుగుతున్నారు. పెట్టొచ్చా?

మా బాబాయి కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. 2018లో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వెళ్లాడు, తర్వాత హెచ్-1బి (ఉద్యోగ వీసా). నిరుడు ఉద్యోగం పోయింది, ఉద్యోగం పోయాక అక్కడ ఉండనిచ్చే 60 రోజుల గడువూ దాటింది. తప్పు వాడిదే, కాదనను. మొన్న మంగళవారం పాలకని వెళ్లినవాణ్ణి పార్కింగ్‌లోనే పట్టుకున్నారు. మరదలు దిగి చూసేసరికి కారు తలుపు తీసే ఉంది, పాల క్యాన్ సీటు మీద ఉందట.

రెండు రోజులు ఎక్కడున్నాడో తెలీలేదు. డిటెన్షన్‌లో ఉన్నవాళ్లని వెతికే ఆన్‌లైన్ లొకేటర్‌లో పేరు అక్షరం తేడా లేకుండా కొట్టాలి. చివరికి ఇంటిపేరు తారుమారు చేసి కొడితే దొరికాడు!

ఇప్పుడు సంతకం పెడితే త్వరగా పంపేస్తామంటున్నారట. వీసాతో వచ్చినవాడికి జడ్జి ముందు విచారణ ఉండాలి కదా? సంతకం పెడితే అది వదులుకున్నట్టేనా? వాలంటరీ డిపార్చర్ (మనంతట మనమే దేశం వదిలి వెళ్లడం) అడగడం మేలా?

అసలు టెన్షన్ పాప గురించి. మూడేళ్లది, అక్కడే పుట్టింది, పాస్‌పోర్ట్ ఇంకా తీయలేదు. 2025 ఏప్రిల్‌లో లూసియానా నుంచి రెండేళ్ల అమెరికన్ పాపను తల్లితోపాటు హోండురస్ పంపేస్తే, పద్ధతి ప్రకారం జరగలేదేమోనని ఫెడరల్ జడ్జే అనుమానపడ్డారు. మరదలికీ అక్కడ ఉండే లీగల్ స్టేటస్ లేదు. తననీ తీసుకెళ్తే పాప ఎవరి దగ్గరుండాలో ముందే కాగితం రాసిపెట్టాలా? నోటరీ చాలా?

ప్రభుత్వం లాయర్‌ని ఇవ్వదని తెలుసు, వెతుకుతున్నాం. ఇలాంటిది దాటినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.