వరంగల్ ఏనుమాముల దిక్కు పెద్ద కిరాణా స్టోర్ కడ్తాండ్లు, రావాల్నా వద్దా?

యార్డు పక్క పిల్లగాడు:
మా కాలనీ మూలమలుపు కాడ పిల్లర్లు లేచినయి, సూపర్‌మార్కెట్ అట, కూరగాయలు, పండ్లు, పప్పులు అన్నీ ఒక్కతాన. నేనైతే రావాలనే అంటా. మా వాట్సాప్ గ్రూపుల మాత్రం చిన్న దుకాణాలు మునుగుతయి, ఆపాలె అని రెండు రోజుల సంది ఒక్కటే లొల్లి. మా అమ్మకు షుగర్, ఆకుకూరలు తినమన్నరు, ఇక్కడ పొద్దుగాల ఒక్క బండి వస్తది, ఎండ ఎక్కినంక పాలకూర కట్ట పట్టుకుంటే చేతికి జిగటగ అంటుకుంటది. మంచియి కావాలంటే లక్ష్మీపురం మార్కెట్‌కు పోవాలె, ఆటో కిరాయి పోనురాను కూరగాయల పైసలంత అయితది. పక్కనే ఇంత పెద్ద మార్కెట్ యార్డు, మిర్చి సీజన్ల ఘాటుకు ఇంట్ల కూసోని తుమ్ముతం, కని ఆ బస్తాలు మోసే హమాలీ ఇంటికి పోయేటప్పుడు నాలుగు మంచి టమాటలు కొనుక్కపోదామంటే దొరకయి. ఇంకెన్నేండ్లు గిట్ల?

కిరాణం కోడలు:
తమ్మీ, మీ అమ్మ సంగతి సమజైంది. కని మా మామ దుకాణంల గోడకు మేకు కొట్టి ఉద్దెర పుస్తకం వేలాడదీసి ఉంటది, ఒక్కసారి వచ్చి చూడు. పావుకిలో చక్కెర, చాయ్‌పత్త, అద్దకిలో కందిపప్పు, అన్నీ దాంట్ల రాసినయే. మిర్చి అయిపోయి యార్డుల పని తక్కువున్న నెలల్ల హమాలీల ఇండ్లల్ల పొయ్యి వెలుగుతాంది అంటే గా పుస్తకంతోనే, మళ్ళ సీజన్ మొదలైనంక కడ్తరు. 2020 లాక్‌డౌన్ల కూడ మేము లేదనలే. బిల్లు కౌంటర్ కాడ నిలబడి వచ్చే నెల ఇస్తా అంటే ఇస్తరా? మా దుకాణం మూతపడితే మేము వేరే పని చూసుకుంటం, ఆ ఇండ్లు ఎవరి కాడికి పోవాలె?

యార్డు పక్క పిల్లగాడు:
అక్కా, ఉద్దెర ఇచ్చుడు నిజమే, కాదంటలే. కని పోయిన నెల మా గల్లీల ఒక దుకాణంల (మీది కాదు) రవ్వ ప్యాకెట్ కొంటే నిండ పురుగులు, డేట్ మీద వేరే స్టిక్కర్ అతికించి ఉంది. ఉద్దెర తీస్కునేటోడు అది అడగలేడు గదా, అడిగితే రేపు సామాను ఇయ్యరని భయం. బియ్యం బాధ లేదు, 2025 ఏప్రిల్ సంది రేషన్ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తానయి. దాంట్లకు కూర ఏది?

బిల్లింగ్ అన్న:
నేను హన్మకొండల ఒక స్టోర్ల మూడేండ్లు పనిచేసిన, ఉన్నదున్నట్టు చెప్తా. సబ్బులు, నూనె, పప్పులు చవుకనే పడ్తయి, ఎందుకంటే వాళ్ళు లారీల లెక్క కొంటరు, చిన్న దుకాణపాయన హోల్‌సేల్ కాడ డజను, రెండు డజన్లు తెచ్చుకుంటడు. కూరగాయల కథ వేరే. నీళ్ళు చల్లుకుంట కాపాడినా రాత్రికి కొంత పారబోసుడే, ఆ నష్టం రోజూ రాయాలె. మా కాడ షురూల రాక్ నిండ ఆకుకూరలు ఉండె, ఏడాది తిరిగేసరికి ఉల్లిగడ్డ, ఆలుగడ్డ మిగిలినయి, కడమ జాగల కూల్‌డ్రింకులు, చిప్సు పెట్టిండ్లు. తమ్మీ, పాలకూర కోసమే నువ్వు స్టోర్ కావాలంటే ముందే గట్టిగ మాట తీస్కో.

ఎస్ఆర్ నగర్:
రేట్ల సంగతి తర్వాత. 2020 ఆగస్టుల, మళ్ళ 2023 జూలైల ఈ దిక్కు కాలనీలు ఎట్ల మునిగినయో మర్చిపోయిండ్రా? మా ఇంట్ల బియ్యం డ్రమ్ము తేలింది. ఇప్పుడు ఆ జాగల మొరం పోసి రోడ్డు కంటే ఎత్తు లేపుతాండ్లు, ఇంతకుముందు నీళ్ళు ఆగే జాగ అదే, ఇప్పుడు ఆ నీళ్ళు ఎవరింట్లకు వస్తయి? మోరీ కట్టకుండ స్లాబు పడితే నేనైతే ఊకోను.

సంఘం లీడర్:
అందరు స్టోర్ మీదనే పడ్డరు. 1999ల రైతుబజార్లు పెట్టిందే నడుమ దళారి లేకుండ రైతే తెచ్చి అమ్మాలని. మనకు వారానికి రెండు రోజులు రైతులు కూసుని అమ్ముకునే షెడ్డు ఒకటి అడుగుదాం. మా సంఘపోళ్ళే కాంటా పట్టుకుంటరు.

కిరాణం కోడలు:
గట్లయితే నేను సంతకం పెడ్తా. మాకు కూరగాయలల్ల మిగిలేది ఎట్లాగు లేదు.

యార్డు పక్క పిల్లగాడు:
షెడ్డు అడుగుదాం అక్కా, కని అది ఎప్పుడొస్తదో, మా అమ్మ అన్నేండ్లు ఆగలేదు. స్టోర్ కావాలన్న నా మాట మారది. మోరీ సంగతి మాత్రం నేను చూస్కోలే, ఎస్ఆర్ నగర్ అన్న చెప్పినంక పోయి చూసిన, మొరం కుప్ప మా గోడ కంటే ఎత్తున్నది. ఆదివారం పొద్దుగాల ఆ సైట్ కాడ ఇంజనీర్ ఉంటడట. అన్నా, వరద ఫోటోలు పట్టుకొని రా, పోదాం.