వీగన్‌గా నిలబడేది ఎందుకు మొదలుపెట్టామన్న దాన్ని బట్టేనా?

అలిపిరి మెట్లు (తిరుపతి)

మాంసం, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసిన వాళ్ళ, అంటే వీగన్ల గురించే ఈ చర్చ. ఉత్త శాకాహారం మన ఊళ్ళో కొత్తేమీ కాదు. పాలు మానడమే అసలు పరీక్ష.

నా వాదన ఇదీ: ఎంతకాలం నిలబడతారన్నది ఎందుకు మొదలుపెట్టారన్న దాన్ని బట్టే ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయన కొలెస్ట్రాల్ ఎక్కువుందని పాలూ నెయ్యీ ఆపేశాడు. రిపోర్టు మామూలుకొచ్చిన వారంలోనే మళ్ళీ నెయ్యి దోసె. ఆయన్ను తప్పుపట్టను. అనుకున్న పని అయిపోయింది, ఆపేశాడు. అదే ఆఫీసులో పాల కోసం దూడలను ఏం చేస్తారో తెలిసి పాలు మానేసిన అమ్మాయి ఇప్పటికీ ముట్టడం లేదు. ఆమె కారణానికి 'అయిపోవడం' అంటూ లేదు కదా.

అమెరికాలో ఫానలిటిక్స్ అనే సంస్థ 2014లో 11 వేల మందికి పైగా పెద్దవాళ్ళను అడిగి చూసింది. శాకాహారులుగానో వీగన్లుగానో మారినవాళ్ళలో 84 శాతం మంది మళ్ళీ పాత తిండికి వచ్చేశారు, అందులో సగానికి పైగా ఏడాది తిరక్కుండానే. అసలు ఎందుకు మారారంటే, వెనక్కొచ్చినవాళ్ళలో సగం మందికి మించి చెప్పిన కారణం ఆరోగ్యం ఒక్కటే. కొనసాగుతున్నవాళ్ళు ఆరోగ్యంతో పాటు జంతువులు, పర్యావరణం అంటూ రెండు మూడు కారణాలు చెప్పారు. ఇంకేం కావాలి?

లెక్కల మాస్టారు (చిత్తూరు)

ఇంకా కొంచెం కావాలి తమ్ముడూ.

ఆ సర్వే శాకాహారుల్నీ వీగన్లనూ కలిపి లెక్కేసింది. నువ్వేమో పాలు మానడమే అసలు పరీక్ష అంటున్నావు. మరి ఆ 84 ఇక్కడ ఎలా సరిపోతుంది?

రెండోది ఇంకా ముఖ్యం. ఇప్పటికీ కొనసాగుతున్నవాణ్ణి 'ఎందుకు చేస్తున్నావు' అని అడిగితే ఇవాళ్టి కారణాలు చెప్తాడు. షుగరు కోసం మొదలుపెట్టినవాడు ఏడాది గడిచేసరికి పాడి పరిశ్రమ గురించి చదువుతాడు, ఇంకొకరితో మాట్లాడతాడు. ఒక్క కారణం మూడవుతుంది. కారణాలు ఎక్కువున్నందుకు నిలబడ్డాడా, నిలబడినందుకు కారణాలు పెరిగాయా? ఒక్కసారి అడిగి వదిలేసే సర్వేతో ఇది తేలదు.

2013లో అపెటైట్ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నైతిక కారణంతో శాకాహారులైనవాళ్ళకు ఆరోగ్యం కోసం అయినవాళ్ళకన్నా నమ్మకం గట్టిగా ఉందనీ, ఎక్కువకాలంగా కొనసాగుతున్నారనీ అందులో తేలింది. నీ పక్షానికి బలమే, కాదనను. కానీ వాళ్ళు అడిగింది అప్పటికి శాకాహారులుగా ఉన్నవాళ్ళనే. జంతువుల మీద జాలితో మొదలుపెట్టి మూడో నెలలో మానేసినవాడు ఆ లెక్కలోకే రాలేదు.

పలమనేరు పాడిరైతు

దూడను చూస్తే మనసు మారుతుందంటే, ముందు మారాల్సింది మేమే కదన్నా.

మగదూడ పుడితే ఏమవుతుందో మాకెవురూ చెప్పక్కర్లేదు. జెర్సీ కోడెకు మూపురం ఉండదు, కాడి సరిగ్గా నిలవదు, ఎండకు ఓర్చుకోదు. ఇప్పుడు సేద్యమంతా ట్రాక్టరే. దానికి పట్టే పాలు కేంద్రానికి పోస్తే డబ్బులొస్తాయి, అందుకని ఆవు చేపే దాకా వదిలి లాగేస్తాం. ఆ గుంజుకునేటప్పుడు దూడ ఎట్లా తలొంచుకుని పొదుగులోకి దూరతాదో నేను దినామూ చూస్తా ఉండా. కొన్నాళ్ళకు బేరగాడు వస్తాడు. యాడికి పోతాదో మేం అడగం, ఆయన చెప్పడు.

ఇంత చూసీ మేం పాలు మానలేదు. వానల్లేక చెనిగిచెట్టు (వేరుశెనగ) ఎండిపోయిన ఏడు పిల్లోళ్ళ ఫీజులు కట్టింది పాల బిల్లే. మా జిల్లాలో చాలా ఇండ్లు ఇట్లే నిలబడినాయి. తిరుపతిలో శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ 2014లో మొదలైంది, అందులో వాటాదారులంతా ఆడోళ్ళే. వాళ్ళ చేతికి వచ్చే డబ్బు ఈ పాలదే. అందుకే చెప్తా ఉండా, కారణం ఎంత పెద్దదైనా, దాన్ని పట్టుకునే స్తోమత కూడా ఉండాల.

పుత్తూరు కోడలు

అన్న మాట నాకు గుచ్చుకుంది, అందుకే రాస్తున్నా. నేను పాలు మానింది ఆ దూడ కోసమే. మానేశాక తెలిసింది, కారణం గట్టిగా ఉంటే చాలదని. ఉమ్మడి కుటుంబంలో పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికొస్తుంది. పెళ్ళిలో ఆఖర్న పెరుగన్నం వద్దంటే 'ఒంట్లో బాలేదా' అంటారు. కొండ నుంచి ఎవరో లడ్డు తెస్తారు, అది నేతితో చేసిందే. ప్రసాదం వద్దంటే అది తిండి విషయంగా ఎవరికీ అనిపించదు, దేవుణ్ణే కాదన్నట్టు చూస్తారు. నేను కళ్ళకద్దుకుని పక్కనున్న పిల్లాడికి ఇచ్చేస్తా. దీనికి ఒప్పుకోని వీగన్లూ ఉంటారు, నాకు మాత్రం ఇది సరైనదే.

నన్ను నిలబెట్టింది చెనిక్కాయల పెరుగు. రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడగట్టాలి. సన్నమంట మీద అడుగంటకుండా కలుపుతూ కాచి, గోరువెచ్చగా అయ్యాక పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూత పెడితే తెల్లారేసరికి తోడుకుంటుంది. ఆ తర్వాత నుంచి ఆ పెరుగే తోడు. మొదట్లో పచ్చివాసన వస్తోందని మా అత్తమ్మ మూతి తిప్పింది. ఇప్పుడు ఆవిడే అల్లం, కరేపాకు తాలింపు పెట్టి ఇస్తుంది. ఆవిడ పాలు మానలేదు, మానమని నేను అడగనూ లేదు. కానీ పొయ్యి దగ్గర ఒక మనిషి నా వైపు ఉంది.

ఇంకోటి. బి12 విటమిన్ మొక్కల తిండిలో దొరకదు. మన శాకాహారులకు అది వచ్చేది పాలూ పెరుగు నుంచే. అవి మానేస్తే మాత్ర వేసుకోవాల్సిందే. ఒంట్లో నిల్వ ఉన్నది తరగడానికి చాలా కాలం పట్టొచ్చు కాబట్టి మొదట ఏమీ తెలియదు. తర్వాత నీరసం, కాళ్ళల్లో తిమ్మిర్లు మొదలైతే 'ఈ తిండి నాకు పడలేదు' అని వెనక్కెళ్ళిపోతారు. అక్కడ ఓడింది కారణం కాదు.

మాల వేసినవాణ్ణి (శ్రీకాళహస్తి)

మన పద్ధతుల్లోనే దీనికి జవాబుంది. పెరటాసి (వెంకన్నకు ముఖ్యమైన తమిళ నెల) అంతా నీచు ముట్టని ఇళ్ళు మా వీధిలో ఎన్నో. అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు ఎవరూ తప్పరు. నాకు తెలిసినంతలో జంతువుల మీద ప్రేమతో మాల వేసినవాళ్ళు లేరు. అయినా అంత గట్టిగా ఎలా ఉంటారు? పక్కన గురుస్వామి ఉంటాడు, మెడలో మాల అందరికీ కనిపిస్తుంది, ఇంట్లో వేరే గిన్నెలు పెడతారు. మాల తీశాక అదే మనిషి ఆదివారం మటన్ కొట్టు దగ్గర ఉంటాడు.

అలిపిరి మెట్లు

స్వామీ, మీరు చెప్పింది సగం నా వాదనే. గడువున్న కారణం గడువు దాకానే నడుస్తుంది, మొక్కు అయినా కొలెస్ట్రాల్ అయినా. మీరు చూపించిన రెండో సగం మాత్రం నేను పట్టించుకోనిది: ఆ గడువు లోపల మనిషిని నిలిపేది కారణం కాదు, చుట్టూ ఉన్న ఏర్పాటు. అదే ఫానలిటిక్స్ సర్వేలో వెనక్కొచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి తిండి తినేవాళ్ళ బృందం దేనిలోనూ చురుగ్గా లేరని కూడా ఉంది. కోడలక్క ఇంట్లో గురుస్వామి పని అత్తమ్మ చేస్తోంది.

అయినా ఒక మాట వదలను. అక్క అంత కాఫీ గ్లాసు మధ్య, అంత లడ్డు మధ్య, చెనిక్కాయలు రుబ్బే ఓపిక ఎక్కడ నుంచి తెచ్చుకుంది? రిపోర్టు కోసం అయితే ఎవరూ అంత దూరం పోరు. ఏర్పాటు చేసుకోవాలన్న పట్టుదల కారణం నుంచే వస్తుంది. పాడిరైతన్న స్తోమత మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. పాల బిల్లుకు బదులు ఇంకో బిల్లు చూపించకుండా ఆయన్ను అడిగే హక్కు నాకు లేదు.

మాస్టారూ, ఒక పని చేద్దామా? ఈ నెల మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే కారణం ఇప్పుడే ఇక్కడ రాయండి. ఏడాదికి మళ్ళీ అడుగుదాం.

లెక్కల మాస్టారు (చిత్తూరు)

చేద్దాం. కారణంతో పాటు ఇంట్లో వంట ఎవరు చేస్తారో, ఇంకెవరైనా తోడున్నారో, బి12 వేసుకుంటున్నారో కూడా రాయాలి. మధ్యలో మానేసినవాళ్ళు తప్పకుండా తిరిగొచ్చి చెప్పాలి, వాళ్ళు లేకపోతే ఈ లెక్కకు విలువ లేదు. అలా వచ్చి చెప్పినవాళ్ళను ఇక్కడ ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు. దీనికి అందరూ ఒప్పుకుంటే పేర్లు అక్కర్లేదు, ఊరు రాస్తే చాలు.

పుత్తూరు కోడలు

ఒప్పుకుంటున్నా. మా ఆడపడుచు వచ్చే సోమవారం నుంచి మొదలుపెడతానంది. కారణం: పీసీఓడీ (ఆడవాళ్ళ హార్మోన్ల సమస్య). వంట చేసేది వాళ్ళ అత్తగారు, తోడు ఎవరూ లేరు, మాత్రలు నేను పంపిస్తా. ఊరు నగరి.