పత్తి ఏరుడు అయిపోయింది: చెలకకు రోటవేటరా, ప్లౌ దుక్కా?

అత్తాపూర్ నుంచి షాబాద్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. నేను ఉండేది అత్తాపూర్‌లో, భూమి షాబాద్ మండలంలో. పైన మూడెకరాలు ఎర్ర చెలక, కింద కుంట దిక్కు ఎకరంన్నర నల్లరేగడి. రెండింట్లోనూ పత్తే. ఆఖరి ఏరుడు సంక్రాంతికి ముందే అయిపోయింది, కట్టె ఇంకా నిలబడే ఉంది. మళ్లీ విత్తనం పడేది మృగశిర కార్తె వచ్చాకే కాబట్టి చేతిలో దాదాపు ఐదు నెలలు ఉన్నాయి.

ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. మా ట్రాక్టర్ అబ్బాయి "కట్టె మీదనే రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని పొడి చేసేది) రెండు సార్లు తిప్పేస్తా, నేల పిండి అయితది, జూన్‌ల సీదా విత్తుకోవచ్చు" అంటున్నాడు. రోటవేటర్ వచ్చినప్పటి నుంచే నేల చెడింది, ఈసారి ప్లౌ (మట్టిని తిరగేసే రెక్క నాగలి) దుక్కి పడాల్సిందే అని మా నాన్న పట్టు. నేను ఆదివారాలు మాత్రమే పోగలను, ఇద్దరిలో ఒకరికి మాట ఇవ్వాలి. అనుభవం ఉన్నవాళ్లు కారణంతో సహా చెప్పండి.

ట్రాక్టర్ కిరాయి, చేవెళ్ల

అన్నా, నేను ఈ పని మీదనే బతుకుతున్న, అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్తా. రోటవేటర్ తిరిగితే కట్టె ముక్కలు ముక్కలై మట్టిల కలుస్తది. కాలబెట్టే పని లేదు, పీకేసే కూలి లేదు. ప్లౌ వేస్తే అక్కడితోని ఆగదు. లేచిన పెళ్లలు పగలాలంటే మళ్లా గొర్రు (పళ్లున్న దుక్కి సామాను), ఆ తర్వాత మళ్లా రోటవేటరే. ఎకరానికి డీజిల్ ఎంత పెరుగుతదో నువ్వే ఆలోచించు. పైగా మా దిక్కు చిన్న బండ్లే ఎక్కువ. ఎండిన చెలకల రెండు నాగళ్ల ప్లౌ దించితే టైర్లు ఉన్నకాడనే తిరుగుతయి, బండి ముందుకు పోదు. పెద్దాయన కాలంల ఎడ్లు ఇంటికాడనే ఉండె, ఎప్పుడు పదునుంటే అప్పుడు కట్టుకున్నరు. ఇప్పుడు డ్రైవర్ దొరికిన రోజే దున్నుకోవాలె.

శంకర్‌పల్లి అక్క

తమ్ముడూ, ఎవరికీ మాట ఇవ్వకముందు ఒక పని చెయ్. కట్టె నిలబడే ఉందన్నావు గదా, రెండు చోట్లా అక్కడో మొక్క ఇక్కడో మొక్క చుట్టూ పారతో తవ్వి వేరుతో సహా తియ్. గుంజకు, గుంజితే వేరు తెగి పైముక్కే చేతికొస్తుంది.

పత్తికి తల్లివేరు నిట్టనిలువుగా దిగాలి. మా చేలో తీసి చూస్తే పైన ఐదారు అంగుళాలు బొటనవేలి లావున బాగానే దిగింది, అక్కడి నుంచి మోకాలు మడిచినట్టు పక్కకు తిరిగి, సన్నబడి అడ్డంగా పాకింది. ఆ మడత కింద గడ్డపారతో పొడిస్తే మట్టి పలకలు పలకలుగా లేచింది. రోటవేటర్ దిగేదే నాలుగు నుంచి ఆరు అంగుళాలు. ఏటా అదే లోతులో బ్లేడ్లు అడుగు మట్టిని కొట్టి రుద్దుతాయి, ఆపై ట్రాక్టర్ బరువు. గట్టి పొర తయారయ్యేది అట్లాగే.

తవ్వి చూడాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఆగస్టులో వాన మొహం చాటేస్తే మా పత్తి మధ్యాహ్నానికే తలలు వాల్చేది. గట్టుకు అవతల ఇంకా నాగలితో దున్నించే వాళ్ల చేను నిలబడింది. ఒకే వాన, ఒకే రకం నేల. పై ఆరంగుళాల తడి మీద బతికే పైరు ఎన్ని రోజులు ఓర్చుకుంటుంది చెప్పు.

ఎండిన చెలకలో ప్లౌ దిగదని చేవెళ్ల తమ్ముడు అన్నది నిజమే. అసలు అంత ఎండేదాకా ఎందుకు ఆగాలి? దుక్కి అంటే ఏప్రిల్, మే నెలల పని అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఆఖరి ఏరుడు కాగానే, అడుగున కాస్త పదును ఉండగానే పడాలి. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూడు. ముద్ద కట్టి, వేళ్లతో తట్టగానే పొడిపొడిగా విడిపోతే దుక్కికి సరైన పదును. చేతికి జిగటగా అంటుకుంటే నాలుగు రోజులు ఆగు. ముద్దే కట్టలేదంటే ఆలస్యమైనట్టే. నల్లరేగడి అయితే మరీను, అది బిగిసిన తర్వాత ఎంత పెద్ద బండి తెచ్చినా రాళ్లలాంటి పెళ్లలే లేస్తాయి.

పాత విస్తరణాధికారి, రాజేంద్రనగర్

అక్కయ్య గారు పదును గురించి చెప్పింది శాస్త్రవేత్తల మాటే. పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో మొదలైంది. ఆ ప్రాంగణంలో ఎర్ర నేల, నల్ల నేల రెండూ ఉండటం మన ప్రాంతానికి కలిసొచ్చిన విషయం. నల్లరేగడి కోసం అక్కడ రూపొందించిన పద్ధతిలో మొదటి మెట్టు ఇదే: పంట కోయగానే, నేల బిగిసిపోకముందే దున్నేయడం. ఆ తర్వాత వేసవిలో పడే ఒకటి రెండు గాలివానలకు పెళ్లలు వాటంతటవే చిట్లుతాయి, అప్పుడు మీటరున్నర కొలతతో ఎత్తు మడులు, వాటి మధ్య కాలువలు తీస్తారు. జూన్‌లో జోరు వాన పడినా నీరు నిలవదు, చిన్న వానకు తడి వృథా కాదు. మీ కుంట పక్క ఎకరంన్నరకు ఇది సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ మీకు నీళ్లు నిలిచే బాధ ఉండే ఉంటుంది.

పై మూడెకరాల సంగతి వేరు. ఎర్ర చెలకలో మట్టి ఎంత లోతుందో చూడకుండా ప్లౌ దించమని నేను చెప్పను. చాలా చోట్ల అడుగు లోతు రాకముందే మొరం తగులుతుంది. రెక్క నాగలి మట్టిని తిరగేస్తుంది కాబట్టి ఆ మొరం పైకి వస్తుంది, సత్తువ ఉన్న మట్టి అడుగుకు పోతుంది. పైగా చెలకలు వాలు మీద ఉంటాయి. వాలు వెంబడి లోతు దుక్కి చేసి వదిలేస్తే తొలకరి పెద్ద వానకే పైమట్టి కుంటలో చేరుతుంది.

అలాగని చెలకను దున్నకుండా బిగించి ఉంచమనీ కాదు. ఎర్ర నేల వాన పడి ఎండగానే పైన అట్ట కడుతుంది, ఆ తర్వాత పడిన వాన ఇంకకుండా జారిపోతుంది. మన దగ్గర ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు పడితే అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే వస్తుంది, అందులో నుంచి ప్రతి జల్లూ నేలలోకి దిగాలి. అందుకే మెట్ట వ్యవసాయంలో పంట లేని కాలపు దుక్కిని చెలకలకూ సిఫారసు చేస్తారు, వాలుకు అడ్డంగా. మీరు వేరు తవ్వి చూసినప్పుడు గట్టి పొర కనిపిస్తే ఉలి నాగలి వేయించండి. అది మట్టిని తిరగేయదు, కింద చీల్చుకుంటూ పోతుంది. ఏటా అక్కర్లేదు, రెండు మూడేళ్లకోసారి చాలు. దానికి మాత్రం నేల పొడిగా ఉండాలి, అప్పుడే పొర పగులుతుంది. తడిలో వేస్తే గాడి పడుతుంది తప్ప పక్కలకు చిట్లదు.

ఇంకో మాట: రోటవేటర్‌తో పిండి చేసిన ఎర్ర మట్టి మరింత త్వరగా అట్ట కడుతుంది. "నేల పిండి అయితది" అని మీ ట్రాక్టర్ అబ్బాయి చెప్పిన లాభమే చెలకలో నష్టం. పత్తి మొలక ఆ అట్టను పగలదీసుకుని రాలేక వంకర తిరగడం నేను చాలా చేలల్లో చూశాను.

ట్రాక్టర్ కిరాయి, చేవెళ్ల

సార్, చెప్పనీకి మంచిగనే ఉంటది. ఉలి నాగలి మా చుట్టుపక్కల ఊర్లల్ల ఎవరి దగ్గర ఉందో చూపెట్టండి. సబ్సిడీల వచ్చినవి రోటవేటర్లే, రైతులు అడిగేది రోటవేటరే. నేను ప్లౌ కొని ఇంటి ముందట పెట్టుకుంటే కిస్తీ ఎవరు కడతరు? ఇంకోటి, వరి పొలంల దమ్ముకు (బురద దుక్కికి) రోటవేటర్ వద్దని ఒక్కరన్న అంటరా?

బోరు కింద వరి, మహేశ్వరం

వరికి వద్దని ఎవరూ అనరు. కింద గట్టి పొర ఉంటేనే మడిలో నీళ్లు నిలుస్తాయి, బోరు మీద భారం తగ్గుతుంది. చిక్కంతా ఆ మడినే మరుసటి వానాకాలం మక్కకో పత్తికో మార్చినప్పుడు. మేము మక్క వేసిన ఏడు నీళ్లు దిగక పైరు పసుపు తిరిగింది. వరి నుంచి మెట్ట పంటకు మారేవాళ్లు ముందు ఆ పొర పగలగొట్టుకోవాలి.

గులాబీ పురుగు బాధితుడు, పరిగి

అందరూ నేల గురించే మాట్లాడుతున్నారు. కట్టె గురించి మాట్లాడండి. గులాబీ రంగు పురుగు ఇప్పుడు ఎక్కడుంది? పగలకుండా మిగిలిన ఎండు కాయల్లో, గింజల్లో, రాలిన చెత్తలో నిద్రలో ఉంది. కట్టె ఫిబ్రవరి, మార్చి దాకా నిలబెడితే, ఇంటి పక్కన వంట చెరుకుగా కుప్ప పోస్తే, వచ్చే పంటకు పురుగును మనమే సాకినట్టు. అందుకే డిసెంబరు, జనవరి నాటికి పంట ముగించమని అధికారులు ఏటా మొత్తుకుంటారు.

నేను చేసే పద్ధతి చెప్తా. ఆఖరి ఏరుడు కాగానే గొర్రెల మందను చేలోకి వదిలిస్తా. ఆకు, పచ్చి కాయ, ఎండు కాయ ఏదీ మిగల్చవు. కాపరితో మాట్లాడుకుని రాత్రుళ్లు అక్కడే మంద పెట్టిస్తే పెంట, మూత్రం నేలకే. దానికి గింజలో డబ్బులో ఇచ్చుకుంటాం, బయట నుంచి పెంట కొని ట్రాలీల్లో తోలించడం కంటే చాలా నయం. తర్వాత కట్టెను ష్రెడ్డర్‌తో ముక్కలు చేయించి, ఆపైన ప్లౌ. నిలబడ్డ కట్టె మీద నేరుగా రోటవేటర్ తిప్పితే ఎండు కాయలు పై నాలుగు అంగుళాల్లోనే కలిసి ఉండిపోతాయి. ప్లౌతో అయితే కొన్ని లోతుకు పూడతాయి, కొన్ని ఎండకు తేలి ఎండిపోతాయి, కొంగలు, గోరింకలు సాలు వెంట నడుస్తూ పురుగులు ఏరుకుంటాయి. తుంగ, గరిక ఉన్న చేలో అయితే రోటవేటర్ పేరే ఎత్తొద్దు. గడ్డలూ వేర్లూ ముక్కలై చేనంతా పరుచుకుంటాయి, ఒక్కో ముక్క ఒక్కో మొక్క.

దున్నని రైతు, ఘట్‌కేసర్

నా మాట ఎవరికీ నచ్చదని తెలుసు, అయినా చెప్తా. ముక్కలు చేసిన కట్టెను నేల మీద కప్పుగా వదిలేయండి. ఎండకు కాలని మట్టిలో వానపాములు ఉంటాయి, సేంద్రియ కర్బనం నిలుస్తుంది. ప్రతి దుక్కితో అది కొంత ఆవిరవుతూనే ఉంటుంది.

శంకర్‌పల్లి అక్క

అన్నా, కప్పు మంచిదే, నేను కూరగాయల మడుల్లో వేస్తా. గులాబీ పురుగు ఉన్న పత్తి చేలో ఆ కట్టెనే కప్పుగా వదలడానికి మాత్రం ధైర్యం చాలదు. పరిగి తమ్ముడు చెప్పింది మళ్లీ చదవండి.

రాణిగంజ్ విడిభాగాలు

నేను రైతును కాను, సామాన్లు అమ్ముతా, కానీ ఒక మాట. ఏది వేసినా ఈ నెలల్లోనే సరి చేయించుకోండి. మే ఆఖరుకు షాపు ముందు నిలబడే జాగ ఉండదు, దొరికిన సామాను పట్టుకుపోతారు. రోటవేటర్‌లో బ్లేడ్లు అరిగితే కోయవు, రుద్దుతాయి. అక్క చెప్పిన గట్టి పొర ఇంకా త్వరగా వస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. గేర్‌బాక్స్ కింద నూనె చెమ్మ కనిపిస్తే ఆయిల్ సీల్ పోయినట్టు, మట్టి లోపలికి పోయి బేరింగ్ తినకముందే మార్చండి. పీటీవో షాఫ్ట్ (ట్రాక్టర్ నుంచి రోటవేటర్‌ను తిప్పే కడ్డీ) క్రాసులను చేత్తో పట్టి ఊపి చూడండి, లూజు ఉంటే నడి సీజన్‌లో విరుగుతుంది. ఆ షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు లేకుండా నడపనే వద్దు, అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, పంచె కొంగు చిక్కితే మనిషిని లాగేస్తుంది. ప్లౌ ఉన్నవాళ్లు కర్రు మొన చూసుకోండి. అరిగిన కర్రుతో బండి గుంజలేక ఆగితే, నేల గట్టిదని తిట్టుకుంటారు.

అత్తాపూర్ నుంచి షాబాద్

అందరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం గడ్డపార, పార తీసుకుని పోతున్నా. చెలకలో మూడు చోట్ల వేర్లు తవ్వి, మొరం ఎంత లోతులో ఉందో కొలుస్తా. మట్టి నమూనాలు కూడా అప్పుడే తీస్తా, చేను ఖాళీగా ఉన్నప్పుడే పరీక్షకు మంచిదట. రేగడి మాత్రం ఆగేలా లేదు. నిన్న మా నాన్నతో ఫోన్‌లో మట్టి పట్టించి చూశా, ముద్ద కడుతోంది, తట్టితే విడిపోతోంది. గొర్రెల కాపరి మా పక్క ఊర్లోనే ఉన్నాడు, మాట్లాడమన్నా. చేవెళ్ల తమ్ముడూ, కట్టె తీశాక ఎకరంన్నరకు ప్లౌతో రాగలవా?

ట్రాక్టర్ కిరాయి, చేవెళ్ల

ఎకరంన్నరకే అంత దూరం ప్లౌ మోసుకురావుడు గిట్టదు అన్నా. పక్క రేగడి వాళ్లను నలుగురిని కలుపు, ఒకటే రోజు అందరివి వేసిపోతా. మా బావమరిది దగ్గర యాభై హెచ్‌పీ బండి, రెండు నాగళ్ల ప్లౌ ఉన్నయి. గొర్రెలు పోయినంక రెండు రోజులకే చెప్పు, వారం ఆగితే పదును పోతది. చెలకకు మాత్రం నేనైతే గొర్రునే అడ్డంగా ఇరువాలు (రెండు సార్లు) వేస్తా, మొరం లేపి తిట్లు పడలేను.

శంకర్‌పల్లి అక్క

చెలక విషయంలో నేను ఇప్పటికీ ఒప్పుకోను. అక్కడ వేరు పక్కకు తిరిగి ఉంటే గొర్రుతో ఆ పొర పగలదు, దాని పళ్లు అంత లోతు దిగవు. తమ్ముడూ, వేర్ల ఫోటోలు ఇక్కడే పెట్టు, పక్కన స్కేలు ఆనించి తియ్. మడత ఎన్ని అంగుళాల దగ్గర ఉందో, మొరం ఎన్ని అంగుళాల దగ్గర ఉందో కనిపిస్తే ఉలి నాగలి ఎంత లోతు దించాలో అధికారి సార్ చెప్తారు. చెలకలో ఉలి నాగలికి ఎట్లాగూ నేల ఎండాలి కాబట్టి మార్చి దాకా టైముంది. ఆ నాగలి ఎక్కడ దొరుకుతుందో మా మండలంలో కిరాయి కేంద్రం వాళ్లను నేను అడిగి చెప్తా.