కొలంబియా ముఖద్వారం యాత్ర – ఎవరు ఏ పని తీసుకుంటారు?

అందరికీ నమస్కారం. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి, కొలంబియా నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లే మన యాత్రలో మొదటి మజిలీ డిస్మల్ నిచ్ కావాలని నా పట్టుదల. ఇప్పుడది ఆ నది మీది ఆస్టోరియా వంతెనకు ఉత్తరపు కొసన, దారి పక్కనున్న విశ్రాంతి స్థలం. చాలామంది ఆగకుండా వెళ్లిపోతారు. అమెరికా పడమటి తీరానికి దారి వెతుకుతూ వచ్చిన లూయీస్, క్లార్క్ బృందం 1805 నవంబరులో సముద్రం దాకా వచ్చి కూడా, గాలివానకు ముందుకు కదల్లేక ఆరు రోజులు చిక్కుకుపోయింది ఇక్కడే. వెనక నిటారు కొండ, ముందు నది అలలు. తోలు దుస్తులు తడికి కుళ్లిపోయాయి. ఆ రాళ్ల అంచున నిలబడి చూడకుండా నేరుగా వాళ్లు చలికాలం గడిపిన ఫోర్ట్ క్లాట్సప్ కోటకు వెళితే కథలో సగం పోతుంది. అక్కడి నుంచి సముద్రపు అంచునున్న కేప్ డిసప్పాయింట్‌మెంట్, తర్వాత వంతెన దాటి ఫోర్ట్ క్లాట్సప్. వ్యాన్లు నడపడానికి ఇద్దరు కావాలి.

– అన్నయ్యా, భోజనాలు నేను చూసుకుంటాను. పులిహోర, దద్దోజనం, ఆవకాయ. వానొస్తే అందరూ ఎక్కడ కూర్చుంటారో ముందే చెప్పండి.

– వాన వస్తుందనే అనుకోమ్మా. కోటలో వాళ్లు గడిపిన 106 రోజుల్లో వాన పడనివి 12 మాత్రమే! కోట కూడా చిన్నది, 50 అడుగుల చదరం. అందులోనే 33 మంది ఉన్నారు. మనం జట్లు జట్లుగా లోపలికి వెళ్లాలి. ఒక జట్టు చూస్తుండగా మిగతావాళ్లు వ్యాన్లలోనే భోంచేస్తారు.

– పిల్లల నాటిక బాధ్యత నాది. చలికాలం ఎక్కడ గడపాలో నవంబరు 24న అందరి అభిప్రాయం అడిగిన ఘట్టం వేయిద్దాం. క్లార్క్ బానిస యార్క్ మాట కూడా లెక్కలో రాసుకున్నారు. బృందంతో వచ్చిన షోషోని తెగ స్త్రీ, చంటిబిడ్డతో ఉన్న సకాగవియా, దుంపలు బాగా దొరికే చోటు కావాలంది. తిండి సంగతి ముందు ఆలోచించింది ఆమె! ఆ పాత్రకు మాటలు ఎక్కువ ఉండాలి. చినూక్, క్లాట్సప్ ప్రజల ప్రస్తావన లేకుండా మాత్రం నాటిక వేయవద్దు. ఆ నేల వాళ్లది.

– బాగా చెప్పారక్కా, తప్పకుండా. చివర్లో సీసైడ్ ఊళ్లో ఆ బృందం సముద్రపు నీళ్లు కాచి ఉప్పు తీసిన చోటు చూద్దాం, అది పది నిమిషాల పని. వ్యాన్లు నడిపేవాళ్లు గురువారంలోగా పేర్లు ఇవ్వండి, పిల్లల సీట్లు ఎన్ని కావాలో కూడా రాయండి.