గనేరియా కల్చర్ పెరగట్లేదు. థీసిస్‌కి ఈ టాపిక్ పట్టుకోవచ్చా?

మైక్రో_పీజీ_గుంటూరు:
సీనియర్స్‌కి నమస్కారం. ఎండీ మైక్రోబయాలజీ మొదటి ఏడాది. సుఖవ్యాధుల రీసెర్చ్‌లోనే ఉండిపోవాలని ఉంది. తెల్లబట్టతో ఓపీకి వచ్చే ఆడవాళ్లకి లక్షణాలు చూసి ఇచ్చే కిట్ మందులు ఎంతవరకు సరైనవో ల్యాబ్‌తో పోల్చాలని థీసిస్ ఆలోచన. గనేరియా, బీవీ (బ్యాక్టీరియల్ వజైనోసిస్), ట్రైకోమోనాస్ (ఒక పరాన్నజీవి) మూడూ చూస్తాను. ఇప్పుడు టెక్నిక్ సరిచూసుకోవడానికి డీవీఎల్ (చర్మ, సుఖవ్యాధుల విభాగం) ఓపీ మగవాళ్ల స్వాబ్‌లు పెడితే స్మియర్‌లో డిప్లోకాకై (జంటలుగా ఉండే గుండ్రటి బ్యాక్టీరియా) కనిపిస్తున్నాయి, కల్చర్ ప్లేటు మీద మాత్రం ఏమీ రావట్లేదు. ఎక్కడ పోతోంది? శాంపిల్ సైజు ఎంత పెట్టాలి? ఎండీ తర్వాత ఎక్కడికి వెళ్లాలి?

బెంచ్_పెద్దాయన:
స్మియర్‌లో ఉండి కల్చర్‌లో లేదంటే మీ దగ్గరికొచ్చేది చచ్చిన గోనోకాకస్ (గనేరియా బ్యాక్టీరియా). ముందు స్వాబ్ చూడండి. మామూలు దూది స్వాబ్‌లోని కొవ్వు ఆమ్లాలు దాన్ని చంపేస్తాయి. డేక్రాన్ గానీ రేయాన్ గానీ వాడాలి. స్వాబ్ ట్రేలో పడుండి, మధ్యాహ్నం ల్యాబ్‌కి రావడం రెండో తప్పు. ఫ్రిజ్‌లో దాయడం మూడోది, ఇదే ఎక్కువమంది చేస్తారు. ఈ బగ్‌కి చలి పడదు. ప్లేట్లు ఓపీకే తీసుకెళ్లి రోగి పక్కనే వేయడం అన్నిటికన్నా మేలు. కుదరకపోతే చార్‌కోల్ ఏమీస్‌లో, (స్వాబ్‌ని ల్యాబ్‌కి పంపే మీడియం), గది వేడిలో, అదే రోజు ల్యాబ్‌కి చేర్చాలి.

ప్లేటు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేయకండి, గది వేడికి రానివ్వండి. థేయర్ మార్టిన్ (వేరే బ్యాక్టీరియా పెరగకుండా వాంకోమైసిన్ లాంటి మందులు కలిపిన ప్లేటు) ఒక్కటే పెట్టుకుంటే వాంకోమైసిన్‌కి లొంగే స్ట్రెయిన్లు జారిపోతాయి, పక్కన మామూలు చాక్లెట్ అగార్ కూడా ఉండాలి. 35–37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 72 గంటల దాకా చూసి గానీ నెగెటివ్ అనొద్దు. క్యాండిల్ జార్ అయితే రంగూ వాసనా లేని తెల్ల మైనపు కొవ్వొత్తి, అడుగున తడి దూది.

తీసే పద్ధతీ ముఖ్యమే. మగవాళ్లయితే మూత్రం పోసి కనీసం గంటైనా అవ్వాలి. స్వాబ్ 2–3 సెంటీమీటర్లు లోపలికి పెట్టి తిప్పాలి. ఆడవాళ్లలో ముందు సర్విక్స్ పైనున్న జిగురు తుడిచేసి, ఆ తర్వాత లోపలి స్వాబ్. స్పెక్యులమ్‌కి జెల్లీ వద్దు, గోరువెచ్చని నీళ్లు చాలు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే ఒకటి అడగండి: మందుల షాపులో అజిత్రోమైసిన్ కొనుక్కుని మింగి వచ్చాడా?

పెరిగినదాన్ని వదిలేయకండి, తొందరగా తనంతట తనే కరిగిపోతుంది. గ్లిసరాల్ కలిపిన బ్రాత్‌లో వేసి మైనస్ 70లో పెట్టండి.

పీఎస్‌ఎం_బెజవాడ:
అమ్మా, టాపిక్ మంచిదే గానీ మూడూ ఒక థీసిస్‌లో పట్టవు. లెక్క చూడు. సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవాళ్లలో ఎంతమందిని లక్షణాల పద్ధతి పట్టుకుంటుందో) 80 శాతం అనుకుని, అటూ ఇటూ 10 శాతం తేడా ఒప్పుకుంటే 62 మంది పాజిటివ్‌లు కావాలి. వచ్చినవాళ్లలో 20 శాతానికి బీవీ ఉంటుందనుకుంటే 310 మంది చాలు. గనేరియా 2 శాతమే అనుకుంటే 3,100 మంది! నీకున్న వ్యవధిలో అయ్యే పని కాదు. కాబట్టి అసలు ప్రశ్న బీవీ మీద పెట్టు. న్యూజెంట్ స్కోరు (స్లైడు చూసి బీవీకి వేసే మార్కు) 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే బీవీ, 4–6 మధ్యస్థం. స్లైడ్లు ఇద్దరు విడివిడిగా చదివి కప్పా (ఇద్దరి రీడింగ్ ఎంత కలిసిందో చూపే లెక్క) వేయాలి, తెల్లబట్టకి ఇచ్చే ఆకుపచ్చ కిట్ ఇచ్చిన సంగతి చదివేవాళ్లకి తెలియకూడదు. గనేరియాని వచ్చినంతవరకు పక్కన రాసుకో, దాని మీద తీర్మానాలు చేయకు.

డీవీఎల్_మేడమ్:
ట్రైకోమోనాస్ వెట్ మౌంట్ (తడి స్లైడు) పది నిమిషాల్లో చూసేయాలి, కదలిక ఆగితే తెల్లకణమో అదో చెప్పలేరు. ఓపీలోనే మైక్రోస్కోప్ అడగండి.

అందరికీ ఆర్‌పీఆర్ (సిఫిలిస్ రక్తపరీక్ష) కూడా చేయండి. 100 ఆర్‌పీఎమ్, 8 నిమిషాలు తిప్పాలి, గది 23–29 డిగ్రీలు. గుంటూరు మే నెలలో ఏసీ లేని గదిలో చేస్తే రియాక్షన్ ఎక్కువ చూపిస్తుంది. ఒంటి మీద మచ్చలున్నా నెగెటివ్ వస్తే సీరం పలుచన చేసి మళ్లీ పెట్టండి, అది ప్రోజోన్ (యాంటీబాడీలు మరీ ఎక్కువై తప్పుగా నెగెటివ్ రావడం) కావచ్చు. పాజిటివ్‌ని టీపీహెచ్‌ఏతో (సిఫిలిస్‌కే ప్రత్యేకమైన పరీక్ష) ఖాయం చేసుకోవాలి.

ఎథిక్స్ కమిటీలో ఆగేది సాధారణంగా రెండు చోట్ల. హెచ్‌ఐవీ టెస్టుకి 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం విడిగా సమ్మతి, రహస్యం. 18 లోపు వాళ్లొస్తే పోక్సో కింద రిపోర్టు చేసే బాధ్యత ఉంది, స్టడీలో తీసుకోకపోయినా ఉంటుంది; ఏం చేస్తారో ప్రోటోకాల్‌లో రాయండి. ఫారమ్ మీద పేరు వద్దు, కోడ్ నంబరే, జాబితా తాళంలో. అత్తగారు కూర్చుని ఉండగా ప్రశ్నలు అడిగితే వచ్చే జవాబులన్నీ "లేదండీ" లే.

మైక్రో_పీజీ_గుంటూరు:
థాంక్యూ మేడమ్, సర్. దూది స్వాబ్‌లే వాడుతున్నాం. మరి తర్వాత దారి?

పీఎస్‌ఎం_బెజవాడ:
బెంచ్ ఇష్టమైతే హైదరాబాద్ ఉస్మానియాలో రీజినల్ ఎస్టీఐ (సుఖవ్యాధుల) సెంటర్ ఉంది, అక్కడ గోనోకాకస్ మందుల నిరోధకత పని నేర్చుకోవచ్చు. పుణెలో ఐసీఎంఆర్ ఎయిడ్స్ పరిశోధనా సంస్థ, పాత పేరు నారీ. లెక్కలు, సర్వేలు ఇష్టమైతే చెన్నై ఎన్ఐఈలో (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ) ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ). రెండు దారుల్లోనూ ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు మీద, ప్రాజెక్టు అయిపోతే అయిపోతాయి. అందుకే సీనియర్ రెసిడెన్సీ వదులుకోకు. ఫ్యాకల్టీ పోస్టుకి అది పనికొస్తుంది.