పాత 100 మి.మీ. హబ్, బూస్ట్ ఫోర్క్: వాల్చినప్పుడే రోటర్ ఎందుకు రాసుకుంటోంది?

బండి 29 అంగుళాల చక్రాల క్రాస్ కంట్రీ మౌంటెన్ సైకిల్. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే సస్పెన్షన్ కాళ్లు) 100 మి.మీ. ట్రావెల్ (కిందికి దిగే దూరం), 15×110 బూస్ట్ త్రూ యాక్సిల్, అంటే 15 మి.మీ. ఇరుసు, 110 మి.మీ. వెడల్పు హబ్‌కి తగ్గ కొలత. ముందు హబ్ (చక్రం నడిమి భాగం) మాత్రం 15×100. హబ్‌కి రెండు వైపులా 5 మి.మీ. స్పేసర్లు, ఆరు బోల్టుల రోటర్ (డిస్క్ బ్రేక్ పళ్లెం) కింద మరో 5 మి.మీ. స్పేసర్, దానికి తగ్గ పొడవాటి బోల్టులు వేశాను. రెండు పక్కలా సమానమే కాబట్టి చక్రం మధ్యలోనే కూర్చుంది, డిష్ (రిమ్ మధ్యలో ఉండేలా స్పోకుల సర్దుబాటు) మార్చే పని పడలేదు.

స్టాండు మీద తిప్పితే చప్పుడే లేదు. మలుపులో బాగా వాల్చినా, నిలబడి గట్టిగా తొక్కినా మాత్రం ‘ష్... ష్...’ మంటూ లోపలి ప్యాడ్‌కి తగులుతోంది.

క్యాలిపర్ (ప్యాడ్లుండే బ్రేక్ భాగం) బోల్టులు వదులు చేసి, లివర్ నొక్కి పట్టి మళ్లీ బిగించాను. రోటర్ వంకర లేదు. హెడ్‌సెట్‌లో (హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో) లూజు లేదు. యాక్సిల్ టార్క్ తయారీదారు చెప్పినంతే. కానీ రిమ్ పట్టుకుని పక్కకి ఊపితే హబ్ దగ్గర వెంట్రుకవాసి కదలిక తెలుస్తోంది. ఫోర్క్ సీల్ దగ్గర వేలు పెట్టి చూస్తే అక్కడేమీ లేదు. అంటే ఫోర్క్ బుషింగులు (లోపల గొట్టాలు జారే తొడుగులు) కావనుకుంటున్నా.

నా అనుమానం ఎండ్ క్యాప్ (హబ్ చివరి మూత) మీద స్పేసర్ కూర్చునే చోటి మీద. బేరింగ్ అరిగినా ఇలాగే ఉంటుంది కదా, రెండింటినీ విడదీసి తేల్చేదెలా? స్పేసర్లు తీసేసి, ఈ హబ్‌కే ఒకే ముక్కగా వచ్చే 110 ఎండ్ క్యాప్‌లు వేస్తే పోతుందా? యాక్సిల్ చివరి బిగింపుకి ముందు ఫోర్క్‌ని నాలుగైదుసార్లు కిందికి నొక్కి కాళ్లను సర్దుకోనివ్వాలా?

కొత్త బూస్ట్ హబ్ వేయమనేది ఆఖరి మాటగా ఉంచండి. ఫ్లాంజ్‌ల (హబ్‌కి స్పోకులు తగిలే అంచుల) దూరం మారితే స్పోకుల పొడవు మళ్లీ లెక్కకట్టి చక్రమంతా అల్లాలి.